ఎడమ పేజీ వాళ్లది, కుడి పేజీ నాది

ఏం చేయబోతున్నాను

ఇష్టమైన పుస్తకాలను మళ్లీ చదువుతూ రోజుకో పేరా చేత్తో ఎత్తి రాసుకోవడం. ఎడమ పేజీలో ఆ పేరా, కుడి పేజీలో దాన్ని పట్టుకుని నేను రాసే నాలుగు ముక్కలు. రాసుకునే నోట్‌బుక్ కూడా నేనే కుట్టుకోవడం. ప్రాజెక్టు ఇంతే.

ఒక షరతు పెట్టుకున్నాను. కొత్త పుస్తకాలకు ఇందులో చోటు లేదు. కనీసం రెండుసార్లు చదివినవి, అట్టలు నలిగినవి, ఫలానా ఘట్టం కుడివైపు పేజీలో పై భాగాన ఉంటుందని కూడా లీలగా గుర్తున్నవి మాత్రమే. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉన్నంతసేపు కథే కనిపిస్తుంది, వాక్యం కనిపించదు. కథ ముందే తెలిస్తే తొందర పోతుంది. రచయిత ఒక మనిషిని గదిలోకి ఎలా తీసుకొచ్చాడో, సంభాషణను ఎక్కడ తెంచాడో చూసే తీరిక అప్పుడే దొరుకుతుంది.

బజార్లో నోట్‌బుక్ కొనుక్కోవచ్చు కదా అంటే, కొనుక్కోవచ్చు. కానీ ఆ గీతలు తెలుగుకు ఇరుకు. మన అక్షరానికి పైనా సామానే, కిందా సామానే. పైన గుడి, ఏత్వం; కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఒక వరుసలో ‘రాష్ట్రం’ అని రాసి, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ అని రాయాల్సి వస్తే రెండూ గుద్దుకుంటాయి. నా చేతిరాతకు వరుసకూ వరుసకూ మధ్య 10 మిల్లీమీటర్లు కావాలి. అందుకని గీతల్లేని కాగితం తీసుకుని, ముదురు గీతలు గీసిన షీటు ఒకటి కింద పెట్టుకుని రాయాలని నిర్ణయం.

కాగితం

బైండింగ్‌లో సగం తెలివి కాగితంలో పీచు ఎటు ఉందో తెలుసుకోవడంలో ఉంది. మిల్లులో గుజ్జు కాగితంగా మారేటప్పుడు పీచు ఎక్కువ భాగం యంత్రం కదిలే దిశలోకి సర్దుకుంటుంది. ఆ దిశ వెంట కాగితం సులువుగా వంగుతుంది, తిన్నగా చిరుగుతుంది, మడత శుభ్రంగా పడుతుంది. అడ్డంగా మడిస్తే మడత మీద గరుకు లేస్తుంది. పుస్తకంలో పీచు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే పేజీలు తెరిచిన చోట వాలకుండా బిర్రుగా నిలబడతాయి.

చిక్కల్లా ఏమిటంటే, మామూలుగా దొరికే ఏ4 కాగితంలో పీచు పొడుగు అంచు వెంట ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే ఏ5 సైజు వస్తుంది గానీ మడత పీచుకు అడ్డం పడుతుంది. దీనికి దారి ఏ3 కాగితం. అది 297 × 420 మిల్లీమీటర్లు. పీచు 420 వైపు పరుచుకున్న ఏ3ని మధ్యకు కోస్తే రెండు ఏ4లు వస్తాయి, వాటిలో పీచు పొట్టి అంచు వెంట ఉంటుంది. ఇప్పుడు సగానికి మడిస్తే మడతా పీచూ ఒకే దారి. ఈ వరుస కాగితాల్లో పొడుగుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి 2 వర్గమూలం కాబట్టి ఎన్నిసార్లు సగం చేసినా ఆకారం మారదు. స్కూల్లో వర్గమూలాలు ఎందుకు నేర్పారో ఇన్నాళ్లకు ఒక జవాబు దొరికింది.

ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా చిన్న ముక్క కోసి ఒక పక్క తడి చేసి చూడటం మంచిది. కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడుగు ఎటు ఉంటే పీచు అటు.

బరువు 100 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 100 గ్రాములు ఉండే కాగితం తీసుకున్నాను. ఫోటోకాపీలకు వాడే 70, 80 జీఎస్‌ఎం మీద ఫౌంటెన్ పెన్ను సిరా వెనక్కి కనిపిస్తుంది. రెండు పక్కలా రాసే పుస్తకానికి అది పనికిరాదు.

మడత, కుట్టు

ఐదేసి కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే ఒక ఫారం. పది ఆకులు, ఇరవై పేజీలు. అలాంటివి పది. మడతను గీటడానికి బైండర్లు ఎముకతో చేసిన బద్ద వాడతారు. స్టీలు చెంచా వెనకవైపు కూడా ఆ పని చేస్తుంది గానీ నేరుగా రుద్దితే కాగితం మీద మెరుపు చార పడుతుంది. మధ్యలో పల్చటి కాగితం వేసి రుద్దితే సరి.

ఏ కుట్టు అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను. వెన్నుకు జిగురు పూసి గట్టి అట్ట వేసే పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అల్మరాలో నిలబెడితే హుందాగా ఉంటుంది. కానీ రాసే పుస్తకానికి కావాల్సింది హుందాతనం కాదు, బల్ల మీద చదునుగా పరుచుకోవడం. అందుకే కాప్టిక్ కుట్టు. ఈజిప్టులోని తొలి క్రైస్తవులు పుస్తకాలు కట్టిన పద్ధతి ఇది. వెన్నుకు జిగురే ఉండదు. ఒక్కో ఫారాన్నీ కింది ఫారానికి గొలుసు కుట్టుతో తగిలిస్తూ పోతారు, అట్టలు కూడా అదే దారంతో కలిసిపోతాయి. ఏ పేజీ దగ్గర తెరిచినా పూర్తిగా వాలుతుంది. వెన్ను మీద దారపు జడలు వరుసగా కనిపిస్తాయి. దాన్ని కప్పాలన్న కోరిక నాకు లేదు.

210 మిల్లీమీటర్ల వెన్నుకు ఆరు రంధ్రాలు. చివరి రంధ్రాలు అంచు నుంచి 15 మిల్లీమీటర్ల లోపలికి. అన్ని ఫారాల్లోనూ రంధ్రాలు ఒకే చోట పడాలి కాబట్టి ముందు ఒక అట్టముక్క మీద కొలతలు గుర్తు పెట్టుకుని, దాన్ని మడత లోపల ఆనించి, ఆరెతో పొడవాలి. లినెన్ దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగితే చిక్కులు పడదు, ముడి జారదు. సూది వంపుగా ఉంటే మంచిది. గొలుసు వేయాలంటే కింది రెండు ఫారాల మధ్య కుట్టు వెనక నుంచి సూది పోనివ్వాలి, తిన్నటి సూది అక్కడ తిరగదు.

ఇందులో చేతికి అలవాటు కావాల్సింది ఒక్కటే, దారం లాగడం. పైకి గుంజితే రంధ్రం కాగితాన్ని చీల్చుకుంటూ పోతుంది. వెన్ను వెంట, కుట్టు సాగే వైపుకే లాగాలి. వదులైతే పుస్తకం ఊగుతుంది, మరీ బిగిస్తే తెరుచుకోదు. మూడో ఫారం దాటాక వేళ్లకే తెలిసిపోతుంది, చూడాల్సిన పని ఉండదు. మధ్యలో దారం అయిపోతే ముడి ఫారం లోపలి మడతలో పడేలా చూసుకోవాలి, వెన్ను మీద కాదు.

అట్టలకు 2 మిల్లీమీటర్ల బూడిదరంగు కార్డుబోర్డు. దాని పీచు కూడా వెన్ను దిశలోనే ఉండాలి. పై కాగితం అతికించినప్పుడు తడికి అట్ట బయటివైపు వంగింది. లోపలివైపు కూడా కాగితం అతికిస్తే అది అటు లాగి వంపు సరిచేస్తుంది. రెండు చదును పలకల మధ్య బరువు కింద ఉంచి, పూర్తిగా ఆరాకే రంధ్రాలు.

సిరా గురించి రెండు మాటలు

మిగిలిన కాగితం ముక్క మీద ఇంట్లో ఉన్న పెన్నులన్నీ పరీక్షించాను. ఒకే వాక్యం, ఒకే వేగం, గంట ఆరాక తడి వేలితో రుద్దడం. రంగు కరిగి ఉండే మామూలు ఫౌంటెన్ సిరాలు పారిపోయాయి. రంగు పొడి కలిసే పిగ్మెంట్ సిరా నిలబడింది. అదే ఖాయం. దీని మీద ఇంటర్నెట్‌లో యుద్ధాలు జరుగుతుంటాయి, నేను దిగను.

మొదటి వారం

ఏ పేరా ఎత్తి రాయాలి? మొదట చేయి వెళ్లేది కొటేషన్ల వైపు. పొట్టిగా, మెరుస్తూ, గోడకు అంటించుకోదగ్గ వాక్యాలు. అవి రాస్తే పుస్తకం క్యాలెండర్ అవుతుంది. వద్దనుకున్నాను. బదులుగా మామూలు పేరాలు: ఒక మనిషి మెట్లు దిగడం, వాన వెలవడం, ఇద్దరు డబ్బు గురించి మాట్లాడుకుంటూ దాని పేరెత్తకపోవడం. ఇష్టమైన పుస్తకాన్ని నిజంగా మోసేవి ఇవే. చదివేటప్పుడు మనం గమనించకుండా దాటిపోయేదీ వీటినే.

ఎత్తి రాస్తుంటే కన్ను ఒక ముక్క పట్టుకుంటుంది, చేయి దాన్ని దించుతుంది, కన్ను మళ్లీ వెళ్తుంది. ఒక్కో ముక్క నాలుగైదు మాటలు. మంచి రచయితల దగ్గర ఈ ముక్కలు ఊపిరి ఆగే చోటే ఆగుతున్నాయి. ఒకాయన పేజీలో మాత్రం ప్రతిసారీ మధ్యలో తెగుతోంది. చిన్నప్పటి నుంచి ఆయన శైలి ‘గంభీరం’ అనుకునేవాణ్ణి. చేయి ఒప్పుకోలేదు.

అలవాటు సంగతి

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని అందరూ అంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం వేరే లెక్క చెప్పింది. 96 మంది తలా ఒక కొత్త పని ఎంచుకుని, దాన్ని రోజూ జరిగే ఏదో ఒక సందర్భానికి ముడిపెట్టి, 12 వారాలు చేశారు. ఆ పని ఆలోచించకుండా జరిగిపోయే స్థాయికి రావడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని అంచనా కట్టారు. గ్లాసు నీళ్లు తాగడం త్వరగా అబ్బింది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఒక రోజు తప్పిపోతే పెద్ద నష్టమేమీ లేదని కూడా తేలింది. ఆ ఆఖరి మాట చదివాక నా టెన్షన్ సగం తగ్గింది.

నేను ముడిపెట్టుకున్న సందర్భం: సాయంత్రం కంప్యూటర్ మూయగానే. మూత పడిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు. మధ్యలో ఫోను రాకూడదు, వస్తే ఆ రోజు గోవిందా.

గడియారం పెట్టుకోలేదు. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథనీ ట్రొల్లోప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే పొద్దున్నే లేచి, వాచీ ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. నవలలు రాయాలంటే అలాగే ఉండాలేమో. నాకు వాచీ వద్దు, పేరా చాలు. పేరా అయిపోతే పని అయిపోయినట్టు. ఎక్కడ ఆపాలో ముందే తెలిసిన పనికి కూర్చోవడం తేలిక.

కుడి పేజీ

నెల తిరిగేసరికి ఎడమ పేజీలు నిండుతున్నాయి, కుడివైపు మాత్రం ‘భలే ఉంది’, ‘ఇక్కడ బాగా పట్టుకున్నాడు’ లాంటి మాటలే. వాటికి పేజీ దండగ. కుడి పేజీకి కూడా ఒక పని కావాలి.

దారి అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర దొరికింది. కుర్రతనంలో ఆయన ఒక పత్రికలోని వ్యాసాలు తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావాన్ని పొట్టి గుర్తులుగా రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పడేసి, ఆ గుర్తులను చూస్తూ వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ రాసేవాడు. తర్వాత అసలుతో పోల్చి దిద్దుకునేవాడు. మాటలు చాలడం లేదనిపించి కొన్నింటిని పద్యాలుగా మార్చి, అసలు వచనం మరిచిపోయాక వాటిని తిరిగి వచనం చేసేవాడు. గుర్తుల వరుసను కావాలని కలగాపులగం చేసి, వారాల తర్వాత మళ్లీ సర్దేవాడు. అక్కడక్కడా, చిన్న విషయాల్లో, అసలు కంటే తనదే బాగుందనిపించి సంతోషపడ్డానని కూడా ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ చిన్న గర్వం నాకు నచ్చింది.

నా పద్ధతి దానికి పొట్టి రూపం. ఇవాళ పేరా ఎత్తి రాస్తాను, కింద నాలుగు గుర్తులు. వారం తర్వాత ఎడమ పేజీని కాగితంతో మూసి, గుర్తులు మాత్రం చూస్తూ కుడివైపు రాస్తాను. ఆ తర్వాత మూత తీయడం.

తేడాలు ఎక్కడ వస్తున్నాయంటే, ఎక్కువగా క్రియల దగ్గర. నేను ఇలా రాశాను: ‘తలుపు తీసి, చెప్పులు విప్పి, దీపం వేసి, కుర్చీలో కూలబడ్డాడు.’ మన భాషకు బాగా అలవాటైన నడక ఇది, తీసి, విప్పి, వేసి అంటూ ఒకే ఊపులో చివరికి చేరుతుంది. ఎడమవైపు రచయిత అలాంటి ఘట్టంలోనే ప్రతి పనినీ విడి వాక్యం చేశాడు. నాది ఆ దారిలో రాస్తే: ‘తలుపు తీశాడు. చెప్పులు విప్పాడు. దీపం వేశాడు. కూర్చున్నాడు.’ పనులు అవే. నా మొదటి వాక్యంలో మనిషి అలిసిపోయి ఇల్లు చేరాడు. రెండోదానిలో ఏదో చెడ్డ వార్త విని వచ్చాడు. ఎన్నోసార్లు చదివిన పుస్తకమే, కానీ ఈ పొట్టి వాక్యాలు చేసే పని ఎన్నడూ గమనించలేదు. ఆ సాయంత్రం అదే పుస్తకంలో ఇంకెక్కడైనా అలా ఆగాడా అని వెతికాను. ఆగాడు, చాలా తక్కువచోట్ల, అన్నీ దుఃఖం దగ్గరే.

ఇంకో పుస్తకంలో ‘ఉంది’ అన్న క్రియ దాదాపు కనిపించదు. తెలుగులో అది లేకుండా వాక్యం నిలబడుతుంది కదా: ‘గదిలో ఒక కిటికీ. కిటికీ అవతల గోడ.’ నేను రాసినప్పుడల్లా ఉంది, ఉన్నాయి, ఉండేది. అవి కొట్టేసి మళ్లీ చదివితే గదిలో సామాను తగ్గినట్టయింది. అన్నిచోట్లా కొట్టేయకూడదనుకోండి. వరుసగా పది వాక్యాలు అలా రాస్తే టెలిగ్రాం అవుతుంది.

ఏమీ తోచని రోజులు

ఉంటాయి. ఆ రోజుల్లో కుడి పేజీ మాట ఎత్తను, ఎడమవైపు రాసి మూసేస్తాను. నీరసంగా ఉన్నప్పుడు కవిత్వం తీసుకుంటాను. వరుసలు పొట్టివి, పని త్వరగా అవుతుంది. ఇది మోసమే, కానీ ఎవరికి నష్టం?

ఊడిన ఆకు

ఎత్తి రాయడానికి తీసిన పాత కథల పుస్తకంలో ఒక ఆకు ఊడి చేతికొచ్చింది. సెల్లోటేపు జోలికి పోకూడదు. కొన్నేళ్లకు దాని జిగురు పసుపు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది, టేపు ఎండి రాలిపోతుంది, మరక మిగులుతుంది. గోధుమ గంజి జిగురును పల్చగా, ఆకు లోపలి అంచు వెంట 3 మిల్లీమీటర్ల మేర పూసి, వెన్నులోకి జరిపి, రెండు పక్కలా నూనె కాగితం పెట్టి బరువు కింద ఉంచాలి. గంజి జిగురుకు ఇంకో సుగుణం, రేపెవరైనా తడి చేసి విప్పుకోవచ్చు. తెల్లటి సింథటిక్ జిగురు ఆరాక అలా విప్పుకోలేం.

పేజీలు పసుపు తిరిగింది కలపగుజ్జులోని లిగ్నిన్ వల్ల. గాలికీ వెలుతురుకూ అది మారిపోతుంది. పాత పుస్తకాల వాసనలో కొంత దాని పుణ్యమే. ఆ వాసనలోని ఆవిరి పదార్థాలను విశ్లేషించి కాగితం ఎంత పాడైందో అంచనా వేయవచ్చని 2009లో శాస్త్రవేత్తలు చూపించారు. అంటే నేను మురిసిపోతూ పీల్చేది పుస్తకం శిథిలమవుతున్న వాసన. తెలిశాక కూడా పీలుస్తూనే ఉన్నాను.

ఇండెక్స్

సగం పుస్తకం నిండాక వెతుకులాట మొదలైంది. వాన గురించి రాసిన పేరా ఎక్కడ? తత్వవేత్త జాన్ లాక్ ఇలాంటి పుస్తకాల కోసమే ఒక ఇండెక్స్ పద్ధతి తయారు చేశాడు. అది 1686లో ఫ్రెంచిలో అచ్చయింది. విషయం పేరులోని మొదటి అక్షరం ఒక గడి, ఆ తర్వాత వచ్చే మొదటి అచ్చు అందులో ఉపగడి. ఎదురెదురు రెండు పేజీల్లో ఇండెక్స్ మొత్తం పట్టేస్తుంది. ఏ అక్షరానికీ ముందుగా పేజీలు కేటాయించనక్కర్లేదు. పేజీలు దొరికిన వరుసలో నింపుకుంటూ, ఆ నంబరు గడిలో వేసుకుంటే చాలు.

తెలుగులో ఇది ఇంకా సులువు. హల్లూ అచ్చూ ఒకే అక్షరంలో కలిసే ఉంటాయి, పక్క అక్షరం వైపు చూడాల్సిన పని లేదు. ‘వాన’ అంటే ‘వ’ వరుసలో ఆకారం. గుణింతం మొత్తానికి గడులు గీస్తే పేజీ చాలదు కాబట్టి అయిదుగా కుదించాను: అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ-ఐ, ఒ-ఓ-ఔ. హ్రస్వదీర్ఘాలు కలిసిపోయినా వెతకడానికి ఇబ్బంది లేదు.

ఇండెక్స్ రాస్తుంటే సరదాగా ఒకటి బయటపడింది. ‘ప్రేమ’ కింద నంబర్లు తక్కువ. ‘కుర్చీ’ కింద వరుసగా నంబర్లు. నేను ఏరుకున్న పేరాల్లో జనం ఎప్పుడూ ఎక్కడో కూర్చుంటున్నారు, లేస్తున్నారు, ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నారు. ఇన్నేళ్లుగా ఈ పుస్తకాలు ఎందుకిష్టమని ఎవరైనా అడిగితే ఈ జవాబు మాత్రం చెప్పి ఉండేవాణ్ణి కాదు.

ఇప్పటి పరిస్థితి

రెండు ఫారాలు మిగిలాయి. కుట్టు ఎక్కడా సడలలేదు, వెన్ను కొంచెం వదులైంది గానీ పేజీలు ఇంకా చదునుగానే వాలుతున్నాయి. తర్వాతి పుస్తకానికి రెండు మార్పులు. ఎడమ పేజీ బయటి అంచున 30 మిల్లీమీటర్ల మార్జిన్ వదలాలి, ఫ్రాంక్లిన్ గుర్తులు పేరా కింద కాకుండా పక్కన పడితే మూతకాగితం ఇరుకుగా కోసుకోవచ్చు. ఇండెక్స్‌కు రెండు కాదు, నాలుగు పేజీలు కావాలి. ‘క’ వరుసలో ఉకారం గడి ఇప్పటికే నిండిపోయింది, కొత్త కుర్చీలను పక్క గడిలో దూరుస్తున్నాను.